పేరు మిగలని తెలంగా

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలుచుంటే నాలుగు దారులు కనిపిస్తాయి. ఒకటి విజయవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు, ఒకటి గుడివాడ మీదుగా బందరుకు. లారీలు, బస్సులు, కొబ్బరిబోండాల బండ్ల నడుమ ఇక్కడ చరిత్రను గూర్చి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. నాకు మాత్రం ఒక మాట వల్ల ఆ ఆలోచన కలిగింది. ఆ మాట 'పటాలం'.

మా ఇళ్ళలో పిల్లలంతా ఒక్కసారిగా వీధిలోకి బయలుదేరితే పెద్దవాళ్ళు "పటాలం కదిలింది" అనేవారు. పెళ్ళికి బంధువులు గుంపుగా దిగినా పటాలమే. ఇంగ్లీషువారి 'బెటాలియన్' అన్న మాటే తెలుగు నాలుక మీద పడి పటాలమయిందని చాలా ఆలస్యంగా తెలిసింది. మా తాతగారు తన పూర్వీకులలో ఒకాయనను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు ఒకే వాక్యం చెప్పేవారు: "ఆయన పటాలంలో పోయాడు." పోయాడంటే చేరాడనా, చనిపోయాడనా? చిన్నతనంలో అడగలేదు. అడగవలసిన వయసు వచ్చేసరికి చెప్పేవారు లేరు. ఆయన పేరు మాకు తెలియదు. ఏ కాలంవాడో తెలియదు. ఆ ఒక్క క్రియాపదమే మాకు దక్కిన వారసత్వం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడి పొరుగువారి వంశవృక్షాలను చూసి ఆశ్చర్యపడటం సహజం. పద్దెనిమిదవ శతాబ్దంలో వలసరాజ్యాల సేనలో తుపాకి పట్టిన ఒక మామూలు రైతు ఏ ఊళ్ళో పుట్టాడు, ఏ కెప్టెన్ కింద పనిచేశాడు, ఎన్ని నెలలు జీతం తీసుకున్నాడు అన్నది ఏడెనిమిది తరాల తరువాతివాడు వెదికి పట్టుకుంటాడు. దీనికి వారి భక్తి ఒక్కటే కారణం కాదు, కాగితం కూడా కారణం. సేనల హాజరుపట్టీలు నిలిచి ఉన్నాయి. స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి ముసలివారయిన సైనికులకు పింఛను ఇచ్చేందుకు అమెరికా ప్రభుత్వం 1818లో ఒక చట్టం, 1832లో మరింత విశాలమైన చట్టం చేసింది. 1832 చట్టం కింద పింఛను కోరినవాడు న్యాయస్థానంలో ప్రమాణం చేసి తన సైనిక జీవితాన్ని తానే చెప్పుకోవలసి వచ్చింది. చదువురాని ముసలివాని మాటను సైతం గుమాస్తా వ్రాసుకున్నాడు. ఆ కథనాలు వేలకు వేలు నేటికీ భద్రంగా ఉన్నాయి. వలసకాలపు యుద్ధాలలో పాల్గొన్నవారి సంతతి 1892లో ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నది.

మరి ఆ అమెరికన్ సైనికునికి సమకాలికుడైన మన తాత ఎక్కడ?

సమకాలికుడు అన్నది వరసకు అన్న మాట కాదు. ఇద్దరూ ఒకే యుద్ధంలో ఉన్నారు. ఇంగ్లండు, ఫ్రాన్సు 1756 నుండి 1763 వరకు చేసిన యుద్ధాన్ని ఐరోపావారు సప్తవర్ష సంగ్రామం అంటారు. ఆ యుద్ధం ఐరోపాలో ఆగలేదు. 1758 నవంబరులో, వర్జీనియా సైనికులకు నాయకుడైన జార్జి వాషింగ్టన్ పాల్గొన్న ఇంగ్లీషు సేన, ఓహైయో నది తలాపున ఫ్రెంచివారి డ్యూకేన్ కోటను స్వాధీనం చేసుకున్నది. సరిగ్గా తరువాతి నెలలో, డిసెంబరు 1758లో, అదే రెండు జాతుల జెండాల కింద మన గోదావరి జిల్లాలో పిఠాపురానికి దగ్గరనున్న చందుర్తి పొలాలలో మరొక యుద్ధం జరిగింది. ఇంగ్లీషు పుస్తకాలలో దాని పేరు కొండూరు యుద్ధం.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. 1753లో నిజాం సలాబత్ జంగు కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి సైనిక ఖర్చుల నిమిత్తం వ్రాసి ఇచ్చాడు. అంటే నేడు నేను నిలుచున్న ఈ నేల కొన్నేళ్ళ పాటు ఫ్రెంచివారికి శిస్తు కట్టింది. 1758లో బుస్సీని పుదుచ్చేరికి పిలిపించుకోగానే విజయనగరం ఆనంద గజపతి ఫ్రెంచివారి మీద తిరగబడి, విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. చెన్నపట్నం వారికి తీరిక లేదు. కలకత్తా నుండి క్లైవు కల్నల్ ఫోర్డును పంపాడు. అక్టోబరులో ఫోర్డు దాదాపు 500 మంది యూరోపియన్లతోనూ, 2000 మంది సిపాయిలతోనూ విశాఖలో ఓడ దిగాడు.

చందుర్తి యుద్ధంలో ఒక చిత్రం జరిగింది. ఫోర్డు తెచ్చిన సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. దక్షిణాన ఎర్రకోటు వేసుకున్న సిపాయిలను చూసి ఎరుగని ఫ్రెంచివారు వారినే తెల్లసేన అనుకుని బలమంతా వారి మీదికి మళ్ళించారు. అసలు తెల్లసేన ఎత్తుగా పెరిగిన జొన్నచేను మాటున ఉన్నది. సిపాయిలు వెనుకకు తగ్గగా ఫ్రెంచివారు గెలిచామనుకుని ముందుకు దూకి చేను పక్కనుండి దెబ్బ తిన్నారు. యుద్ధం ఇంగ్లీషువారిదయింది. కోటు రంగు వల్ల ఒక సిపాయి కాసేపు దొర అయ్యాడు. దొరకు తగలవలసిన గుండ్లు తిన్నాడు. కాని అతని పేరు దొరల జాబితాలో చేరలేదు.

అక్కడి నుండి ఫోర్డు రాజమండ్రి మీదుగా ఏలూరు చేరి, 1759 మార్చి మొదట్లో కొల్లేటి ప్రాంతం దాటి బందరు వెళ్ళాడు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ బందరు కోటలో ఉన్నాడు. కోట చుట్టూ ఉప్పునీటి బురద. బయట ఫోర్డు పరిస్థితి కోటలోనివారి కన్న అధ్వాన్నం. చేతిలో డబ్బు లేదు. జీతాల కోసం అతని తెల్లసైనికులే తుపాకులు పట్టి ఎదురు తిరిగారు. కొల్లగొట్టినదంతా మీకేనని ఆశపెట్టి వారిని శాంతింపజేశాడు. వెనుక వైపున సలాబత్ జంగు పెద్ద సేనతో బెజవాడ దాకా వచ్చి కూర్చున్నాడు. ముందు బురద, వెనుక నిజాం. ఇక ఆగితే చావు తప్పదని తెలిసి ఏప్రిల్ 7 అర్ధరాత్రి కోట మీదికి నడిచాడు.

దాడికి వెళ్ళినవారిలో యూరోపియన్లు నాలుగు వందల లోపు, సిపాయిలు సుమారు 1400. నాక్స్ అనే కెప్టెను కొందరు సిపాయిలతో బురదకు అడ్డంపడి నైరుతి వైపున ఉత్తుత్తి దాడి చేశాడు. ఆనంద గజపతి మనుషులు కట్ట మీది దారిన సందడి చేశారు. అసలు దాడి మరొక మూల జరిగింది. తెల్లవారేసరికి కోట ఇంగ్లీషువారిదయింది. పట్టుబడినవారు పట్టుకున్నవారి కంటె ఎక్కువమంది. మే నెలలో సలాబత్ జంగే వచ్చి సంధి చేసుకున్నాడు. ఆంధ్రదేశంలో ఫ్రెంచివారి కథ ఆ రాత్రితోనే ముగిసిందనవచ్చు. తరువాత 1766లో ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి.

కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ ముట్టడిని గంట గంటకూ వర్ణించాడు. దాడి మొదట్లో కనబడకుండా పోయి చివర్లో ప్రత్యక్షమై తుపాకి గుండుకు పడిపోయిన కెప్టెన్ కలెండర్ పేరు అందులో ఉంది. సిపాయిలు యూరోపియన్లతో సమానమైన తెగువ చూపారని కూడా వ్రాశాడు. వారిలో 50 మంది చనిపోయారని, 150 మంది గాయపడ్డారని లెక్క ఇచ్చాడు. అంకె ఉన్నది. ఆ 50లో ఒక్కని పేరూ లేదు. కోటలో ఫ్రెంచివారి తరఫున పోరాడిన నల్లసిపాయిల పేర్లయితే అడిగేవారే లేరు. వారిలో ఈ సర్కారులలో, దక్కనులో చేరినవారున్నారు. బందరు కోటగోడకు ఇరువైపులా ఈ దేశపువారే ఉన్నారన్నది మరచిపోరాదు.

ఇప్పుడు నా శీర్షికలోని మాటకు వస్తాను. ఇంగ్లీషువారి వంగదేశపు సేనకు బీజం దక్షిణం నుండి వెళ్ళింది. 1756లో కలకత్తా చేయి జారినప్పుడు క్లైవు చెన్నపట్నం నుండి ఓడలలో తెచ్చిన సిపాయిలనే మరుసటి ఏడు ప్లాసీలోనూ నిలబెట్టాడు. తూర్పుతీరం నుండి వచ్చిన ఆ కవాతు కాల్బలాన్ని ఉత్తరాదివారు 'తెలింగా', 'తిలంగా' అన్నారు. మన జాతి పేరు ఒక వృత్తి పేరయింది. క్రమంగా బీహారు, అయోధ్య ప్రాంతాలవారితో పటాలాలు నిండినా ఆ పేరు పోలేదు. దొరల పద్ధతిలో కవాతు చేసేవాడల్లా తిలంగాయే. 1857లో మీరట్ నుండి ఢిల్లీకి వచ్చిపడ్డ తిరుగుబాటు సిపాయిలను ఢిల్లీ వాసులు తిలంగాలనే పిలిచారు. వారిలో తెలుగు ముక్క వచ్చినవాడు ఉండి ఉండడు. నేపాలీ భాషలో కూడా తిలంగా అంటే సైనికుడే.

ఆ పేరు వెళ్ళిన చోటికల్లా మనిషి కూడా వెళ్ళాడా అని చూస్తే, కొన్నిచోట్లకు నిజంగానే వెళ్ళాడు. 1761 జనవరి 14న పానిపట్టులో మరాఠాల పక్షాన ఇబ్రహీంఖాన్ గార్దీ నడిపిన తుపాకి దళాన్ని నాటి కథనాలు తెలింగాలని పేర్కొన్నాయి. గార్దీ బుస్సీ దగ్గర యుద్ధవిద్య నేర్చినవాడు. అతని దళం దక్కనులోనూ, ఈ సర్కారులలోనూ రూపుదిద్దుకున్నది. ఆ దళంలోని ప్రతివాడూ తెలుగువాడని అనలేము. కాని పానిపట్టు మైదానంలో ఆ రోజు చలిలో చెదరక నిలిచి, మధ్యాహ్నానికి దాదాపుగా తుడిచిపెట్టుకుపోయిన ఆ వరుసలలో కృష్ణా గోదావరుల నీళ్ళు తాగినవారు ఉన్నారనుకోవడం అసంగతం కాదు. మన పాఠ్యపుస్తకాలలో పానిపట్టు మనది కాని యుద్ధం.

ఇంకొక ప్రయాణం సముద్రం మీద. 1762 వేసవి చివర చెన్నపట్నం నుండి బయలుదేరిన ఇంగ్లీషు నౌకలు స్పెయినువారి మనీలా నగరాన్ని అక్టోబరు 6న పట్టుకున్నాయి. ఆ నౌకలలో సుమారు 600 మంది చెన్నపట్నపు సిపాయిలు ఉన్నారు. తమిళులు, తెలుగువారు, ముస్లిములు కలగలసిన దళం అది. 1764లో ఇంగ్లీషువారు నగరాన్ని విడిచి వచ్చేటప్పుడు కొందరు సిపాయిలు ఓడ ఎక్కలేదు. మనీలాకు చేరువనున్న కైంటా అనే ఊళ్ళో స్థిరపడి అక్కడి స్త్రీలను పెళ్ళాడారు. ఆ ఊరిలో తమ మూలపురుషుడు భారతదేశపు సిపాయి అని చెప్పుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. గమనించండి: పరాయిదేశంలో, పరాయిభాషలో ఆ తాతను ఇంకా తలచుకుంటున్నారు. ఆయన పుట్టిన ఊళ్ళో మాత్రం ఒకడు పడవెక్కి తిరిగిరాలేదన్న మాట కూడా మిగలలేదు.

ఈ మనిషి బ్రతుకు ఎట్లా ఉండేది? ఒక్కని జీవితచరిత్ర దొరకకపోయినా పదిమంది బ్రతుకులు కలిపి ఒక చిత్రం వ్రాయవచ్చును. కరవు వచ్చినప్పుడో, జమీందారు కొలువు చెడినప్పుడో పటాలం దండోరా విని చేరేవాడు. పాలెగాళ్ళ దగ్గర కత్తి, డాలు పట్టినవానికి ఇక్కడ తుపాకి ఇచ్చి, కాలు కదపడం కొత్తగా నేర్పేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో సిపాయి జీతం నెలకు 7 రూపాయలు. అందులోనే తిండి, బట్టలో కొంత భాగం. కాని నెలకు నెలా చేతికి వచ్చే రొక్కం పల్లెలో మరొకచోట లేదు. మద్రాసు సేనకు ఒక ప్రత్యేకత ఉండేది. భార్యాబిడ్డలు, ముసలి తల్లి, అందరూ పటాలం వెంట నడిచేవారు. దండు ఎక్కడ దిగితే అక్కడ ఒక తెలుగు, తమిళ పేట వెలిసేది. తండ్రి చనిపోతే కొడుకును పసివాడుగానే పటాలం పుస్తకంలో చేర్చుకుని కొద్దిపాటి జీతం ఇచ్చేవారు. నాగపూరు దగ్గర కాంప్టీ దండులో, బర్మాలోని దండు ఊళ్ళలో తెలుగు ఎట్లా చేరిందని అడిగితే, జవాబులో ఒక భాగం ఈ పటాలాల వెంట నడిచిన కుటుంబాలే.

ఆ కుటుంబమే అతని బలం, అదే అతని భయం. 1780లో హైదరాలీ కర్ణాటకం మీద విరుచుకుపడినప్పుడు విశాఖలోని సర్కారు సిపాయిలను ఓడ ఎక్కి చెన్నపట్నం రమ్మన్నారు. అక్టోబరు 3న వారు ఎక్కమన్నారు. తిరగబడి కొందరు తెల్లవారిని కాల్చి చంపారు. పెళ్ళాంబిడ్డలను దిక్కులేకుండా వదలి, సముద్రం దాటి, ఎవరో ఇద్దరి యుద్ధంలో చావడం దేనికన్నది వారి ప్రశ్న. తిరుగుబాటు అణగిపోయింది. 1857కు 77 ఏళ్ళ ముందు మన తీరాన జరిగిన సంగతి ఇది. ఆనాడు చనిపోయిన దొరల గుర్తుగా విశాఖ పాత యూరోపియన్ శ్మశానంలో రాతికట్టడం ఉంది. తిరగబడినవారికి మన వైపు నుండి ఏ రాయీ లేదు.

మరుసటి సంవత్సరం, 1781 అక్టోబరులో, అమెరికాలోని యార్క్‌టౌన్ వద్ద కార్న్‌వాలిస్ వాషింగ్టన్‌కు లొంగిపోయాడు. అదే కార్న్‌వాలిస్ 1786లో గవర్నరు జనరలుగా ఇక్కడికి వచ్చి, 1792లో శ్రీరంగపట్నం ముందు టిప్పును సంధికి ఒప్పించాడు. అమెరికా రైతుసైనికుని చేతిలో ఓడినవాడు మద్రాసు సిపాయి భుజం మీద చేయి వేసి గెలిచాడు. ఈ రెండు జీవితాలకు తేడా అంతా ఇక్కడే ఉంది. అమెరికన్ సైనికుడు మొదట రాజు కోసం పోరాడినా, చివరకు తన దేశం తనకు మిగిలింది. ఆ దేశం అతనిని పిలిచి "నీ కథ చెప్పు, వ్రాసుకుంటాం" అన్నది. మన సిపాయి పోరాడి గెలిచిన ప్రతిసారీ అతని దేశం మరికాస్త తగ్గింది. అతని కథ అడగవలసిన ప్రభుత్వం అతనిది కాదు.

అంత సేవకూ దక్కిన ఫలం కూడా చెప్పాలి. 1881 నుండి 1885 వరకు మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర, దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారన్న నిశ్చయానికి వచ్చాడు. ఉత్తరాన కొన్ని జాతులే వీరజాతులన్న సిద్ధాంతానికి అతడు పెద్ద అండ. మద్రాసు పటాలాలు ఒకటొకటిగా రద్దయ్యాయి. ఏ జాతి పేరు ఒకప్పుడు సగం దేశంలో సైనికునికి పర్యాయపదమో, ఆ జాతిని వీరజాతి కాదు పొమ్మన్నారు.

అయితే మన మరపుకు దొరలే కారణమా? కాదనే అనుకుంటున్నాను. మనం బొబ్బిలి వీరులను తలచుకున్నాం. 1757 జనవరిలో ఆ కోట మీదికి బుస్సీ వెంట నడిచిన సిపాయిలు ఎవరని అడగలేదు. జాతీయోద్యమం వచ్చాక తెల్లవాని కింద తుపాకి పట్టిన తాతను తలచుకోవడం నామోషీ అయింది. అంతకుముందు సముద్రం దాటినవాడని నోరు మెదపలేదు. రాజుకు వంశావళి ఉన్నది, జమీందారుకు కైఫీయతు ఉన్నది, కరణానికి దండకవిలె ఉన్నది. ఏడు రూపాయల సిపాయికి "పటాలంలో పోయాడు" అన్న వాక్యమే ఉన్నది.

అతడు వీరుడని నేను అనడం లేదు. ద్రోహి అని అంతకన్నా అనలేను. ఆకలి, ఆశ, భయం, కట్టుబాటు కలసిన మామూలు మనిషి. అతనిని క్షమించమనో పూజించమనో కాదు, లెక్కలోకి తీసుకోమని మాత్రమే నా మనవి. దేశం ఎట్లా చేజారిందో తెలియాలంటే దానిని జారవిడిచిన చేతులలో మన తాతల చేతులు కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి.

ఆ పని చేసిన ఊరు ఒకటి మనకు దగ్గరలోనే ఉంది. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచయుద్ధాలలోనూ ఆ ఊరివారు పాల్గొన్నారు. నేటికీ అక్కడివారు సైన్యంలో చేరుతూనే ఉన్నారు. తమ సైనికులకు ఊళ్ళోనే స్మారకం కట్టుకున్నారు. ఊరు తలచుకుంటే తాతలకు పేర్లు మిగులుతాయనడానికి అది సాక్ష్యం.

మిత్రులకు నాదొక విన్నపం. సిపాయి, జమేదారు అన్న ఇంటిపేర్లు మన ప్రాంతాలలో వినిపిస్తూనే ఉంటాయి. మీ ఇంటి పాత పెట్టెలో పింఛను కాగితం, ఇత్తడి బిళ్ళ, ఏ దండు ఊరిలోనో పుట్టిన ముత్తవ్వ ప్రస్తావన ఉన్నదేమో అడిగి చూడండి. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. "పోయాడు" అంటే ఏమిటని నేను మా తాతగారిని అడగలేదు. ఇప్పుడు ఈ కూడలిలో నిలబడి బందరు దారి వైపు చూస్తూ ఆ ప్రశ్న వేసుకుంటే బదులు చెప్పేవారు లేరు.